కనకాంగి చూసిన పిట్ట

అనగనగా అంటున్నాను, ఊఁ కొట్టడం మీ వంతు. మీరు ఊఁ కొట్టక కథ మధ్యలో నిద్రపోయిందంటే ఆ తప్పు నాది కాదు.

సింగారపురమని ఒక నగరం. దాని రాజు సోమశేఖరుడు. ఆయనకు ఒక్కతే కూతురు కనకాంగి. చిన్ననాటినుంచి తండ్రి పక్కన కొలువులో కూర్చుని ప్రజల గోడు విన్న పిల్ల. తన తర్వాత ఆమే ఏలాలని రాజుకు ఆశ. ఆమెకూ అదే ఆశ.

కానీ ఆ నగరంలో ఒక ఆచారం ఉంది. గద్దెనెక్కబోయేవారు దసరానాడు పొలిమేర దాటి వెళ్లి, పాలపిట్టను కళ్లారా చూసి రావాలి. పొద్దుగూకేలోగా చూడలేకపోతే గద్దె తర్వాతి వారసుడికి పోతుంది. ఆ వారసుడు రాజుగారి తమ్ముడి కొడుకు, ప్రతాపుడు. అతనికి వేట తప్ప మరో ధ్యాస లేదు. తాను రాజునైతే ఊరి చుట్టూ ఉన్న జొన్నచేలన్నీ బీడుపెట్టించి వేటకు వాడుకుంటానని ముందే చాటేశాడు. రైతుల గుండెల్లో రాయి పడింది.

మరి కనకాంగి ఎప్పుడైనా పిట్టను చూసిందా? ఎందుకు చూడలేదూ, చూసింది! పట్టుచీర అంచుమీద! పాలపిట్ట నీలంగా ఉంటుందని మాత్రం ఎవరో చెప్పగా విన్నది. రాజు ఆనవాలు చెప్పకూడదు, అదీ ఆచారమే. "ముందు చూడటం నేర్చుకో తల్లీ" అని ఊరుకున్నాడాయన.

దసరా దగ్గరపడుతుండగా కనకాంగి పిట్టల్ని చూడటానికి బయలుదేరింది. ఎలా? ఏనుగుమీద అంబారీ, ముందు డోలూ సన్నాయీ, వెనక గొడుగులూ! కోటగుమ్మం మీది పావురాలు టపటపమని లేచిపోయాయి. వేపచెట్టు మీది చిలకలు కెవ్వుమంటూ చెట్టు ఖాళీ చేశాయి. గుమ్మం చూరున ఒక్క గోరువంక మాత్రం కదల్లేదు.

"ఏమ్మా రాకుమారీ, పిట్టల్ని చూడ్డానికొచ్చావా, పెళ్లాడ్డానికొచ్చావా?" అందది.

కనకాంగికి సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. ఏనుగును వెనక్కి మళ్లించింది.

రెండోసారి మేళం మానేసింది. పరివారాన్ని మాత్రం మానలేకపోయింది. అందరూ కలిసి ఊరి చివర వాగు దగ్గరికి వెళ్లారు. అక్కడ రాతిమీద నీలంగా ఏదో తళుక్కుమంది.

"పాలపిట్ట! పాలపిట్ట!" అని చప్పట్లు కొట్టింది కనకాంగి.

"ఆహా, పాలపిట్టే! కళ్లంటే రాకుమారివే కళ్లు!" అన్నారు పరివారం. అది లకుముకిపిట్ట అని వాళ్లందరికీ తెలుసు. అయినా ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. మెప్పుకు అలవాటుపడిన నోళ్లు మరి!

ఇంతలో ఆ పిట్ట బుడుంగున నీళ్లలో మునిగి, ఎర్రటి పొడుగు ముక్కుతో చేపను పట్టుకుని లేచింది. కనకాంగి చప్పట్లు ఆగిపోయాయి.

"పాలపిట్ట చేపలు తింటుందా?" అని అడిగింది.

"తమరు తినమంటే తింటుందమ్మా!" అన్నాడు పరివారానికి పెద్ద.

గేదె వీపుమీద కూర్చున్న గోరువంక పకపకా నవ్వింది. కనకాంగికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోయి కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత కళ్లు తుడుచుకుని అనుకుంది: "నీలంగా కనిపించినదల్లా పాలపిట్ట కాదు. ఇకమీదట తెలియనిదాన్ని తెలియదనే అంటాను. నన్ను మెచ్చుకునేవాళ్లను వెంటబెట్టుకుని పోను."

దసరా రానే వచ్చింది.

ప్రతాపుడు ఏం చేశాడనుకున్నారు? ముందురోజే వేటగాళ్లచేత ఒక పాలపిట్టను పట్టించాడు. రెక్కలకు దారం కట్టించి, పొలిమేర అవతల తన తోటలో పంజరంలో పెట్టించాడు. పొద్దున్నే వెళ్లి ఒక చూపు చూశాడు. "ఆచారం తీరింది" అని బొబ్బట్లు తిని పడుకున్నాడు.

కనకాంగి మాత్రం అందెలు విప్పేసింది. నేతచీర కట్టింది. ఒంటరిగా పొలిమేర దాటి జొన్నచేలవైపు నడిచింది.

"అబ్బో, ఇవాళ దారికొచ్చావే!" అంది గోరువంక. "ఇంక ఆ నడకా ఆపు. గట్టుమీద కూర్చో. కదలకు."

కూర్చుంది. చీమలు కుట్టాయి, చెమట కారింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. కదల్లేదు. కాసేపటికి జొన్నకంకులకు వేలాడుతూ బుల్లిపిట్టలు కనిపించాయి. రెండు పికిలిపిట్టలు రేగుచెట్టు కోసం పోట్లాడుకుంటున్నాయి. ఒక తీతువు పొడుగుకాళ్లతో గబగబా పరుగెత్తి, ఏదో మరిచిపోయినట్టు ఆగింది.

"ఇన్నాళ్లూ ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయి?" అని గుసగుసగా అడిగింది కనకాంగి.

"అవెక్కడ దాక్కున్నాయమ్మా? నువ్వే ఆగలేదు" అంది గోరువంక.

పొద్దు వాలుతోంది. ఎదురుగా మోడుమీద ఒక పిట్ట ఉంది కానీ, పెద్ద తల, మట్టిరంగు ఒళ్లు, అక్కడక్కడ ఏదో మసక రంగు. ఇది కాదులే అని లేవబోయింది.

"ఇంకాసేపు" అంది గోరువంక.

అప్పుడే గడ్డిలో ఒక మిడత ఎగిరింది. మోడుమీది పిట్ట రెక్కలు విప్పింది.

అయ్యబాబోయ్! ఎంత నీలం! ముదురు నీలం పక్కన లేత నీలం, దాని పక్కన మళ్లీ ముదురు నీలం! కనకాంగి నోరెళ్లబెట్టింది. గద్దె సంగతే మరిచిపోయింది. ఆనందం పట్టలేక గట్టుమీదే చిన్నపిల్లలా గెంతింది.

"ఇదేనా పాలపిట్ట?" అని అడిగింది.

"మేం దాన్ని పక్కింటాయన అంటాం. మీరు పెట్టిన పేర్లు మాకేం తెలుసు?" అని గోరువంక తుర్రుమంది.

ఊరి బయట జమ్మిచెట్టు కింద రాజు, ప్రజలు కాచుకుని ఉన్నారు. ఇద్దరు వారసులూ వచ్చి నిలబడ్డారు.

"చూశావా నాయనా?" అని రాజు ముందు ప్రతాపుణ్ణి అడిగాడు.

"తనివితీరా చూశాను పెదనాన్నగారూ! ఏముంది అందులో? మట్టిరంగు పిట్ట. అక్కడక్కడ కాస్త నీలం. జనం గోరంతను కొండంత చేశారు."

"ఎగిరితే ఎలా ఉంది?"

"అది ఎగిరే రకం కాదండీ, ఊరికే కూర్చునే రకం."

జనం గొల్లున నవ్వారు. రాజు కూతురివైపు తిరిగాడు. కనకాంగి ఒక అడుగు ముందుకు వేసింది.

"నాన్నగారూ, పాలపిట్టను చూశానని నేను చెప్పలేను. మొన్న నీలం చూసి ఒకసారి మోసపోయాను. ఇవాళ ఒక పిట్టను చూశాను. కూర్చుంటే అన్నయ్య చెప్పినట్టే ఉంది. రెక్క విప్పితే మాత్రం నీలంలో రెండు నీలాలు. దాని పేరు నాకు తెలియదు. పేరు తెలియనందుకు గద్దె పోతే పోనివ్వండి."

రాజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా తల్లే! అదే పాలపిట్ట! ఎగిరేటప్పుడు చూసినవాళ్లే దాన్ని చూసినట్టు. గద్దె నీదే" అన్నాడు. రైతులు తలపాగాలు గాలిలోకి విసిరారు.

ప్రతాపుడు తల దించుకుని పంజరం సంగతి ఒప్పుకున్నాడు. పంజరం తెప్పించారు. కనకాంగి తన చేత్తో దారాలు విప్పింది. పిట్ట ఒక్క క్షణం ఆగి, నీలాలు రెండూ పరిచి, జమ్మిచెట్టు మీదుగా ఎగిరిపోయింది. అందరూ చేతులు జోడించారు. ప్రతాపుడైతే మెడ నొప్పెట్టేదాకా చూస్తూనే ఉండిపోయాడు.

"ఎంత అందాన్ని కట్టేశాను చెల్లీ!" అన్నాడు.

"రేపు పొద్దున్నే చేనుగట్టుకు రా అన్నయ్యా, కలిసి చూద్దాం" అంది కనకాంగి.

పిల్లలూ, తెలిసినట్టు నటించేవాళ్లకు కళ్లెదుట ఉన్నదీ కనబడదు. తెలియదని ఒప్పుకుని ఓపికగా చూసేవాళ్లకు లోకమే రెక్కలు విప్పి చూపిస్తుంది.