గాడిద మీద రాజముద్ర

చాకలి వీరమల్లు రేవులో బట్ట ఉతికితే, ఆ చప్పుడుకి పక్క రాజ్యంలో సైన్యం కత్తులు దూసేది. నేను తగ్గించే చెబుతున్నాను.

కోట సామాను పోతోందని అధికారి భైరవప్ప అన్నిటికీ చెరగని రాజముద్ర వేయించాడు. బిందెలకు ఉలితో చెక్కించాడు, పీటలకు కాల్చి వేయించాడు, గుర్రాలకు వాతలు పెట్టించాడు. ఆ ఊపులో, ఉతికిన మూటలు తెచ్చిన వీరమల్లు గాడిదకీ ఒక వాత పడింది.

"అయ్యా, అది నా గాడిద. అది లేకపోతే నా బతుకు సాగదు" అన్నాడు వీరమల్లు.

భైరవప్ప మూరెడు మీసం దువ్వాడు. "చెరగని గుర్తు ఎవరు వేస్తే వస్తువు వాళ్లదిరా. ఇక అది రాజుగారి గాడిద."

తగువు సభకెక్కింది. భైరవప్ప రాజుగారి ముందూ అదే మాటన్నాడు.

"అయితే భైరవప్ప అయ్యగారు తమ పంచె అంచు తిరగేసి చూడాలి" అన్నాడు వీరమల్లు.

చూస్తే అక్కడ జీడిరసంతో పెట్టిన చాకలి గుర్తు. ఏడు సముద్రాల్లో ఉతికినా పోదది.

"తమరి తలపాగాకీ, అంగీకీ కూడా నేనే వేశాను. గాడిద ఎలాగూ లేదు, మూట నేనే మోసుకుంటాను. విప్పండి బాబయ్యా."

సభలో అందరూ తమ అంచులు తడుముకున్నారు. రాజుగారు తన పంచె గట్టిగా పట్టుకుని, "ముందు వాడి గాడిదను వాడికిచ్చి పంపండయ్యా" అన్నారు.