కాలిన కొస

అప్పలకొండకి కరెంటు గురించి తెలియనిది లేదు. తెలిసినవాటిలో కొన్ని నిజం కూడా.

దస్తగిరి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడేళ్లయింది. ముప్పై నాలుగేళ్ల వయసు, ముందుకొచ్చిన బొజ్జ, సొంత పేరుతో అచ్చు వేయించుకున్న రెండు వందల కార్డులు ఉన్నాయి. కార్డులు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఉస్తాద్ "ఇక నీ దారిన నువ్వు చేసుకో" అనాలి. అడిగినప్పుడల్లా ఆయన టీ తాగేవాడు.

ఆ ఆషాఢంలో మాత్రం అడగడానికి అప్పలకొండకి ముఖం చెల్లలేదు. కారణం సువర్చలమ్మ గారింట్లో ఒక సాకెట్.

సువర్చలమ్మ గారికి కవల పిల్లలు పుట్టి మూడు నెలలు. విశాఖలో వారం రోజులుగా వాన. బాల్కనీలో వేసిన బట్ట ఆరకపోగా సముద్రపు గాలికి ఇంకాస్త తడిసేది. అందుకని బట్టలు ఆరబెట్టే మెషిను కొన్నారు. అది ఇరవై నిమిషాలు తిరిగేది, తర్వాత కాలిన ప్లాస్టిక్కు వాసన కొట్టి ఆగిపోయేది. అప్పలకొండ వెళ్లి సాకెట్ మార్చాడు. పది రోజులకి అదీ గోధుమరంగుకి తిరిగింది. మళ్లీ మార్చాడు, ఈసారి ఖరీదైనది. అది ఆరు రోజులే బతికింది.

ఆ రెండోసారి మార్చిన రోజే, "ఏమిటి కారణం?" అని సువర్చలమ్మ గారు అడిగితే, తెలియదు అనే మాట అప్పలకొండ నోట్లోంచి ఊడిపడలేదు. ఎదురుగా పనామె నూకరత్నం తడి బట్టల బకెట్టుతో నిలబడి ఉంది.

"తడి చేతుల్తో ప్లగ్గు లాగుతున్నారమ్మా. అలా లాగితే ఏ సాకెట్టయినా ఇంతే" అన్నాడు. చాలా బాగా చెప్పాననిపించింది. పక్కనే ఉన్న సువర్చలమ్మ గారి అత్తగారు కూడా తలూపింది.

మూడోసారి పిలుపొచ్చినప్పుడు ఉస్తాద్ తనే బయల్దేరాడు. అప్పలకొండ వెనకాల సంచి మోసుకుంటూ దారి పొడుగునా మెషినులో ఉండగల లోపాలు పద్నాలుగూ, పనామె తడి చేతుల సంగతీ చెప్పాడు. ఉస్తాద్ గొడుగు కింద నుంచి "ఊఁ" అన్నాడు, రెండుసార్లు.

ఇంట్లోకి వెళ్లగానే ఉస్తాద్ మెయిన్ ఆపాడు. తీగల్లో కరెంటు లేదని టెస్టరు పెట్టి చూసుకున్నాడు. సాకెట్ విప్పి గోడలోంచి బయటికి లాగాడు. మెషిను వైపు చూడనైనా చూడలేదు.

సాకెట్ వెనక తీగ కొస నల్లగా, పెళుసుగా ఉంది.

"ఇది మొదటిసారి వచ్చినప్పుడు ఇలాగే ఉందా?"

"కొంచెం ఉంది ఉస్తాద్. చాకుతో గీకి బిగించా. గట్టిగానే బిగించా."

"కొయ్యలేదేం?"

అప్పలకొండ గోడ వైపు చూశాడు. "కోస్తే పొట్టిదైపోతుంది ఉస్తాద్. సాకెట్‌కి అందదు. అప్పుడు బోర్డు దాకా పైపులోంచి కొత్త వైరు లాగాలి. సగం రోజు పని."

ఉస్తాద్ సంచిలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. "చెయ్యి పట్టు" అన్నాడు. అప్పలకొండ అరచెయ్యి చాచాడు. ఉస్తాద్ కటింగ్ ప్లయర్‌తో కొస కోసి ఆ ముక్క చేతిలో వేశాడు.

"ఏం రంగు?"

"నలుపు."

ఇంకో ముక్క.

"ఇది?"

"ఇదీ నల్లగానే ఉంది."

ఇంకోటి వేశాడు. గోధుమరంగు. ఇంకోటి. పైన తొడుగు తీసి చూస్తే లోపల రాగి నిగనిగలాడింది. అప్పటికి తీగ గోడ పెట్టెలోకి కురచబారి, పట్టుకుందామన్నా దొరకడం లేదు.

"అందదు ఉస్తాద్."

"అందదు" అన్నాడు ఉస్తాద్, ముక్కాలి పీట మీద కూర్చుంటూ. "అమ్మా, ఆ ప్లగ్గు లాగే ఆమెని ఒకసారి పిలుస్తారా? ఎలా లాగుతుందో చూద్దాం."

సువర్చలమ్మ గారు పసిపిల్ల వీపు నిమురుతూ తలుపు దగ్గరే ఆగింది. "నూకరత్నాన్ని మానిపించేశాం కదండీ. ఐదు రోజులైంది. మీ అతనే చెప్పాడు, తడి చేతులని. ఆరేళ్ల నుంచి ఉంది, పాపం. కానీ పిల్లలున్న ఇల్లు, ఏ మంటో లేస్తే?"

అప్పలకొండ అరచేతిలో నాలుగు ముక్కలున్నాయి. ఎక్కడ పడేయాలో తెలియక పిడికిలి మూశాడు.

ఉస్తాద్ కొత్త వైరు చుట్ట విప్పుతున్నాడు. "కొండా, వైరు నేను లాగుతుంటా. నువ్వెళ్లి ఆమెని తీసుకురా."

"వానలోనా ఉస్తాద్? అమ్మగారి దగ్గర నంబరుంటుంది కదా, ఫోన్ చేస్తే..."

"వైరు ఫోన్లో బిగిస్తావా?"

అప్పలకొండ వెళ్లాడు. గొడుగు ఉస్తాద్‌ది. అడగబుద్ధి కాలేదు.

నూకరత్నం ఇల్లు కొండ కింద, రేకుల కప్పు. ఆమె గుమ్మంలో గిన్నె పెట్టి కారుతున్న నీళ్లు పడుతోంది. ఎవరొచ్చారో చూసింది, లేవలేదు.

"ఏటి బాబూ? నా సేతులు ఆరినాయో నేదో సూడ్డానికొచ్చినావా?"

అప్పలకొండ దారంతా కూర్చుకున్న మాటలు పదహారుంటాయి. అన్నింటికన్నా పొట్టిదే బయటికొచ్చింది. "తప్పు వైరుది నూకరత్నమ్మా" అన్నాడు చివరికి.

"వైరు నా పేరు సెప్పినాదా?"

ముక్కు మీద నుంచి వాన నీళ్లు కారుతున్నాయి. "కాదు. నేనే చెప్పాను. వైరు కాలిపోయిందని నాకు తెలుసు. మార్చాలంటే బద్ధకమేసింది. నువ్వు ఎదురుగా ఉన్నావు, నీ మీద తోసేశాను."

ఆమె గిన్నెలో నీళ్లు పారబోసి మళ్లీ పెట్టింది. "నాకు సెప్తే నాకేటొస్తాది? నానెరగనా నా సేతులు? ఆ ముసలమ్మ ఈదిలో నలుగురికీ సెప్పేసినాది. ఎక్కడ పనికెళ్లినా తడి సేతులంటన్నారు. ఆవిడ ముందర సెప్పు. అలాగైతే వొస్తాను."

హాల్లో అత్తగారు కాఫీ తాగుతోంది. అప్పలకొండ కారుతున్న బట్టలతో గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాడు. ఒకటి రెండు చోట్ల మెల్లగా చెప్పబోతే, "ఇనపళ్లేదు" అంది నూకరత్నం వెనక నుంచి. గట్టిగా చెప్పాడు.

అత్తగారు కప్పు కింద పెట్టింది. "అంటే ఆ రోజు నేను తలూపింది ఉత్తి అబద్ధానికా?"

"అవునండీ."

"చూడ్డానికి పెద్దమనిషిలా ఉన్నావు."

"బొజ్జండీ" అన్నాడు అప్పలకొండ.

సువర్చలమ్మ గారు ముందుకొచ్చింది. చేతిలో ఉన్న పసిపిల్లని నూకరత్నానికి అందించింది. నూకరత్నం చేతులు కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, ఆ తర్వాతే పిల్లని ఎత్తుకుంది.

వెనక గదిలో కొత్త వైరు గోడ పెట్టెలోంచి బయటికొచ్చి ఉంది. ఉస్తాద్ కొసలు ఒలిచి కొత్త సాకెట్లో దూర్చాడు. తను వచ్చిన ఏ ఇంట్లోనైనా, ఎంత చిన్న పనిలోనైనా, తీగని పట్టే ఆఖరి స్క్రూలు ఉస్తాదే బిగిస్తాడు. తన కళ్ల ముందు ఏడేళ్లలో ఒక్కసారీ ఇంకొకరిని బిగించనివ్వలేదు. అప్పలకొండ అలవాటుగా పక్కకి జరిగి లైటు పట్టుకున్నాడు.

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టాడు. గొడుగు తీసుకున్నాడు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

అప్పలకొండ లైటు పక్కన పెట్టాడు. తర్వాత మూడు స్క్రూలూ బిగించాడు. ఒక్కో తీగనీ లాగి చూశాడు. మూత పెట్టబోయాడు.

"అయిపోనాదా బాబూ?" నూకరత్నం బకెట్టుతో వచ్చి నిలబడింది. "మెయినెయ్యమంటావా?"

"ఉండమ్మా" అన్నాడు అప్పలకొండ. "ఇంకోసారి చూస్తాను."