దున్నపోతెక్కి పెళ్లికెళ్లిన నాంచారమ్మ

ఒకప్పుడు మనుషుల నీడలు ఇప్పటిలా నేలమీద పాకేవి కావు. నెత్తిమీద తేలేవి. ఎవరి నీడ వాళ్లకి గొడుగులా పరుచుకుని, వాళ్లు ఎటు వెళితే అటు వచ్చేది. కింద మనిషి, పైన నీడ, ఆ పైన ఎక్కడో సూర్యుడు.

అందుకని ఎండంటే ఏమిటో ఎవరికీ తెలీదు. రోహిణికార్తెలో కూడా చెమట పట్టేది కాదు. కాళ్లకి చెప్పులుండేవి కావు. బండ్లు ధాన్యం మోయడానికే గాని మనుషులు ఎక్కడానికి కాదు. ఉప్పు అప్పడగడానికి పక్క ఊరు నడిచి వెళ్లి, ఇంటికొచ్చాక చింతపండు మరిచిపోయామని గుర్తొచ్చి, మళ్లీ నవ్వుకుంటూ నడిచి వెళ్లేవాళ్లు.

ఆ నడిచేవాళ్లందరిలోకీ గట్టిది రాళ్లపాలెం నాంచారమ్మ. ఆమె కాలు ఒకచోట నిలవదు. "ఏం కూర వండావే?" అని అడగడానికి కాలవ దాటి అవతలి ఊరు వెళ్లేది. ఆ కూర సంగతి ఇంకొకరికి చెప్పడానికి ఆ పై ఊరు వెళ్లేది.

ఆమె పైన తేలే నీడకి మాత్రం ప్రాణం విసిగిపోయింది.

"అమ్మా, మధ్యాహ్నం పూటైనా కాస్త కిందకి దిగి పడుకుంటానే. వీపు మండిపోతోంది," అంది ఒకరోజు.

"నడిచేది నేను, నొప్పి నీకా? గాల్లో తేలేదానివి, నీకు వీపెక్కడిదే?" అంది నాంచారమ్మ.

"ఒక్కసారి చూడు, ఎంత నల్లబడిపోయిందో!"

"నువ్వు పుట్టడమే నలుపు."

"కాదమ్మా, తెల్లగా పుట్టాను!"

నాంచారమ్మ వినలేదు. అప్పటికే సగం దారి నడిచేసింది.

అలా ఉండగా నాంచారమ్మ తమ్ముడు సాంబయ్య కూతురు తులసికి పెళ్లి కుదిరింది. తులసి తల్లిలేని పిల్ల. నాంచారమ్మే చంకనేసుకుని పెంచింది. అందుకని మంగళసూత్రం భద్రంగా దాచే పని కూడా ఆమెదే.

పెళ్లి మిట్టమధ్యాహ్నం. పందిరి వీధికి ఆ చివర సాంబయ్య ఇంటి ముందు వేశారు. ఈ చివర నాంచారమ్మ ఇల్లు. మేళగాళ్లు సన్నాయి సవరించుకుంటున్నారు. అప్పుడు నాంచారమ్మ కొంగు తడుముకుని, "అయ్యో, సూత్రం గూట్లోనే మరిచిపోయాను!" అంది.

ఎవరూ కంగారు పడలేదు. వీధి ఈ చివరికేగా! నాంచారమ్మ చకచకా ఇంటికి వెళ్లి, గూట్లోంచి సూత్రం తీసి కొంగున ముడేసుకుంది. గడప దాటబోతుంటే నీడ అడ్డం పడింది.

"అమ్మా, పొద్దుట్నించీ పిలుపులని ఊరంతా తిప్పావు. నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఒక్క నిమిషం ఆగుదాం."

"పెళ్లి పెట్టుకుని నీ గోలేమిటే! ఊరికే తేలడానికి కూడా ఏడుపేనా? నోరు మూసుకుని పైకెక్కు!"

ఆ మాట నీడకి గుచ్చుకుంది. అది చాప చుట్టినట్టు తనని తాను చుట్టుకుని, నాంచారమ్మ వీపు మీదుగా జారి, నులకమంచం కిందకి పోయి పడుకుంది.

పక్కింటి నీడ అది చూసింది. "ఓహో, దిగొచ్చన్నమాట!" అని అదీ దిగింది. దాన్ని చూసి ఎదురింటిది. క్షణంలో ఊళ్లో నీడలన్నీ దిగిపోయాయి. గాదెల కింద, అరుగుల కింద, ఎక్కడ చోటుంటే అక్కడ దూరి గుర్రుపెట్టాయి.

నాంచారమ్మ వీధిలో కాలుపెట్టింది.

"అమ్మోయ్!"

ఒక్క గెంతులో వెనక్కి వచ్చి చూరు కింద నిలబడింది. అరికాలు ఊదుకుంటూ తలెత్తి చూసింది. పైన ఎర్రగా ఎవరో ఉన్నారు.

"ఎవరయ్యా నువ్వు? ఎప్పుడొచ్చావు?"

"సూర్యుణ్ణమ్మా. రోజూ ఇక్కడే ఉంటాగా."

"కాస్త తగ్గు నాయనా, పెళ్లుంది."

"తగ్గితే మీ వడియాలు ఎండవమ్మా. అయినా ఇన్నాళ్లకి ఒక మనిషి నన్ను తలెత్తి పలకరించింది. ఎంత సంతోషంగా ఉందో!" అన్నాడు సూర్యుడు. ఆ సంతోషంలో ఇంకొంచెం వెలిగాడు.

పందిట్లోంచి సాంబయ్య కేకేశాడు. "అక్కా! ముహూర్తం దాటిపోతోంది! అక్కడ నిలబడ్డావేం?"

"నేల కాలిపోతోందిరా!"

"ఎదురుగా కనిపిస్తూనే ఉన్నావు, ఈ కాస్త దూరం నడవలేవా?"

"అయితే నువ్వే రారా!"

సాంబయ్య పంచె ఎగ్గట్టి పందిరి దాటాడు. దాటినంత వేగంగానూ వెనక్కి ఎగిరి, కాళ్లు కడుక్కునే గోలెంలో దూకాడు. "అక్కా, నువ్వు అక్కడే ఉండవే!" అన్నాడు నీళ్లలోంచి.

మగపెళ్లివారు గుసగుసలు మొదలెట్టారు. "మేనత్తకి ఈ సంబంధం ఇష్టం లేనట్టుంది." పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. "ఈ ముహూర్తం తప్పితే మళ్లీ శ్రావణం దాకా లేదు. అప్పటిదాకా మావాడు ఆగినా నేను ఆగను. వేరే సంబంధాలున్నాయి," అన్నాడు. తులసి తెర వెనకాల తల దించుకుంది. బొట్టు బొట్టుగా కన్నీళ్లు ఒళ్లో కొబ్బరిబోండం మీద పడ్డాయి.

వీధి ఈ చివర్నుంచే ఆ పిల్ల భుజాలు కదలడం నాంచారమ్మకి కనిపించింది. గుండె తరుక్కుపోయింది. చేట నెత్తిన పెట్టుకుంది. అరికాళ్లకి టేకాకులు కట్టుకుంది. పరుగెత్తింది. ఆకులు అప్పడాల్లా పెళపెళలాడి విరిగిపోయాయి. పక్కింటి చూరు కిందకి చేరేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి. ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు. "తల్లీ, నీ పెళ్లి నేనే చెడగొట్టానే!" అని గోడకి ఆనుకుని ఏడ్చింది.

అప్పుడు బురదగుంటలోంచి లేచి, ఒళ్లంతా చల్లటి బురద కార్చుకుంటూ, ఒక దున్నపోతు తీరిగ్గా అటు వచ్చింది.

"ఏం నాంచారమ్మా, గెంతుతున్నావు?"

నాంచారమ్మ సంగతంతా చెప్పింది.

"దీనికేముంది? నా వీపు చల్లగా ఉంది. ఎక్కు."

"ఛీ! పెళ్లికి దున్నపోతు మీదా? యముడొచ్చాడనుకుంటారు!"

"అయితే నడిచి వెళ్లు," అని దున్నపోతు కదలబోయింది.

"ఆగాగు! ఏం తీసుకుంటావు?"

"తొట్టెడు కుడితి."

"అదిగో, పందిరి కనిపిస్తోంది! ఇంత దూరానికి తొట్టెడా?"

"కనిపిస్తోందిగా. నడువు మరి."

"సగం తొట్టి!"

"సరే. తవుడు కలపాలి."

కుడితి ఎలాగూ ఇంట్లో మిగిలేదే. నాంచారమ్మ పట్టుచీర ఎగదోపుకుని ఎక్కి కూర్చుంది. దున్నపోతు తాపీగా నడిచింది. పైనుంచి ఎండ కొడుతున్నా, కింద చల్లగా హాయిగా ఉంది. "అబ్బ, ఈ సుఖం ఇన్నాళ్లు ఎవరూ చెప్పలేదే!" అనుకుంది నాంచారమ్మ.

దున్నపోతు పందిట్లోకి రాగానే మగపెళ్లివారి తాతగారొకరు, "నాకింకా మనవడి పెళ్లి చూడాలని ఉంది స్వామీ!" అని అరిటాకుల కట్ట వెనక దాక్కున్నారు. మిగతావాళ్లు మాత్రం మేళం ఎత్తారు. పురోహితుడు సూత్రం అందుకున్నాడు. ముహూర్తం ఇంకా దాటలేదు. మూడు ముళ్లూ పడ్డాయి. బురదంటుతుందని చూడకుండా తులసి మేనత్తని వాటేసుకుంది.

భోజనాలయ్యాక మగపెళ్లివారు విడిదింటికి వెళ్లాలి. విడిది ఎక్కడో లేదు, ఎదురు వరసలోనే. అందరూ వీధి వైపు చూశారు, తరవాత దున్నపోతు వైపు చూశారు.

"మా అన్నదమ్ముల్ని పిలవనా?" అంది దున్నపోతు.

ఊళ్లో దున్నపోతులన్నీ వచ్చాయి. "ఇంకొకరికి చోటుంది, జరగండి, సర్దుకోండి!" అంటూ వీపుకి నలుగురు చొప్పున ఎక్కించుకున్నాయి.

పొద్దు వాలాక నాంచారమ్మ ఇంటికొచ్చి మంచం పక్కన చతికిలపడింది. కింద నీడ ముడుచుకుని ఉంది. దాని వీపంతా కమిలిపోయి నల్లగా ఉంది.

"ఇంత మంటా ఇన్నాళ్లూ నా బదులు నువ్వే మోశావా?" అంది మెల్లగా.

"మరెవరు మోశారనుకున్నావు?"

నాంచారమ్మ వెన్న తెచ్చి దాని వీపుకి రాసింది. రాస్తూ రాస్తూ కళ్లు తుడుచుకుంది. నీడ మెత్తబడింది.

"నిన్ను విడిచి పోనులే. కానీ ఇక పైకెక్కను. పొద్దునా సాయంత్రం నీ పక్కనే నేలమీద సాగి నడుస్తాను. మిట్టమధ్యాహ్నం మాత్రం నీ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంటాను. లేపకూడదు."

"లేపనులేవే."

మర్నాడు తెల్లవారింది. చల్లటి గాలి వీస్తోంది. నాంచారమ్మ తమ్ముడి ఇంటికి బయలుదేరింది. "ఎండ లేదుగా, పద నడుద్దాం," అని నీడ సరదాగా సాగింది.

"ఇప్పుడు లేదే. వచ్చేటప్పుడుంటుందిగా!" అని నాంచారమ్మ దున్నపోతుని కేకేసింది.

దున్నపోతులు అలిసిపోయాక మనుషులు బండి కట్టారు. బండి తరవాత జట్కా, జట్కా తరవాత రిక్షా, రిక్షా తరవాత ఆటో వచ్చాయి.

అప్పటినుంచే మిట్టమధ్యాహ్నం మన నీడ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంటోంది. అప్పటినుంచే మన ఎండల ఊళ్లలో జనం సందు చివరి కొట్టుకి కూడా "ఇంత దూరానికి అంతా?" అని బేరమాడి మరీ ఆటో ఎక్కుతున్నారు. "నడిచి వెళ్లొచ్చుగా" అని ఎవరైనా అంటే, ముందు తలెత్తి ఆకాశం వైపు చూస్తారు. తరవాత ఆ అన్నవాళ్ల వైపు చూస్తారు. ఆ తరవాత, "కొంచెం జరగండి" అని ఎక్కేస్తారు.