తులాభారంలో ఇనుపగుండ్లు

అనగనగా, మాఘమాసం వచ్చిందంటే ఊరూరా గానుగలు కిర్రుమనే కాలంలో, ఇక్షుపురం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. చుట్టూ చెరుకు తోటలు. ఏ వైపు గాలి వీచినా బెల్లపు పాకం వాసన. ఆ రాజ్యాన్ని పెద్దిభూపతి అనే దొర ఏలేవాడు.

ఆ వంశంలో ఒక మొక్కు ఉంది. పెద్దిభూపతి తాతగారు పుట్టినప్పుడు పిల్లికూనంత ఉన్నారట. బిడ్డ బతుకుతాడో లేదోనని తల్లి బెంగపడి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. బిడ్డ నిలిస్తే, ఏటా రథసప్తమినాడు వాడి బరువుకు సరిపడా బెల్లం తూచి స్వామికి ఇచ్చి, ప్రసాదంగా ఊరికి పంచుతానంది. బిడ్డ నిలిచాడు. మొక్కూ నిలిచింది. తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత పెద్దిభూపతి, ఏటా ఆ త్రాసులో కూర్చుంటూ వచ్చారు.

తూకం అయ్యాక పూజారి కర్పూరం వెలిగిస్తాడు. అది ఆరేలోగా త్రాసులో కూర్చున్నవారు, "స్వామీ, ఇది నా బరువు. నీకే సమర్పణ" అనాలి. ఆ మాట అన్నాకనే బెల్లం పగలగొడతారు, ఇంటికొక ముద్ద ఇస్తారు.

దొర బరువు పెరిగితే ప్రసాదం ముద్ద పెరుగుతుంది. ఈ సంగతి ఎవరూ పైకి అనలేదు. ఎవరూ మరచిపోనూ లేదు.

అందుకని దొర ఏ ఊరు వెళ్ళినా ప్రతి గడపలోనూ విస్తరి సిద్ధంగా ఉండేది. ఒక ఇంట అరిసెలు, ఒక ఇంట సున్నుండలు, ఒక ఇంట పనసతొనలు. "ఇంత పెద్ద దొరకి ఇంతేనా" అనేవారు. వద్దంటే ఇల్లాలి మొహం చిన్నబోయేది. పెద్దిభూపతి మెత్తని మనిషి. ఎవరి మొహమూ చిన్నబోనిచ్చేవాడు కాడు.

అలా ఆయనకు నలభై నాలుగో ఏడు వచ్చేసరికి పన్నెండు మణుగులు తూగాడు. ఆ రథసప్తమినాడు ఊరంతా పండగ. దొర మాత్రం త్రాసు దిగి మూడు మెట్లు ఎక్కేసరికి స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. ఊపిరి అందలేదు. చూసినవాళ్ళు భక్తితో నిలబడ్డాడనుకున్నారు.

ఆస్థాన వైద్యుడు భావనాచార్యులు నాడి పట్టి చూశాడు.

"ప్రభూ, మీ తాతగారు నలభై ఎనిమిదికి పోయారు. తండ్రిగారు నలభై తొమ్మిదికి. ఇద్దరికీ మోకాళ్ళు ముందు పోయాయి, తరువాత ఊపిరి. ఈ బరువు దిగకపోతే మీరూ యాభై చూడరు. దిగినా మళ్ళీ ఎక్కితే అంతే."

పెద్దిభూపతి తల ఊపాడు. ఈ మాట ఎవరికీ చెప్పవద్దని వైద్యుడి చేత ఒట్టు వేయించుకున్నాడు. రాణి చెంచమాంబకు కూడా చెప్పలేదు. మగవాడు నొప్పి అంటే నలుగురూ నవ్వుతారని చిన్నప్పుడు ఎవరో అన్నారు. ఎవరు అన్నారో గుర్తులేదు, మాట మాత్రం ఆయనలో ఉండిపోయింది.

ఆ వేసవి, వానకాలం ఆయన రేపు రేపు అనుకుంటూనే గడిపాడు. మార్గశిరం చివరికి వచ్చింది. తిండే కదా శత్రువు, దాన్ని కొట్టేస్తే సరి అనుకున్నాడు. స్వామికి మండల దీక్ష అని పేరు పెట్టి, నలభై రోజులు పాలు, పండు తప్ప ముట్టలేదు. చెంచమాంబ ఆయన భక్తికి మురిసిపోయింది. రథసప్తమికి రెండు మణుగులు తగ్గాడు.

త్రాసు తేలికగా లేచింది. తరువాత ముద్దలు పంచుతుంటే గుసగుసలు లేచాయి. దొరవారికి ఏదో జబ్బు అన్నారు కొందరు. రాజ్యానికి మంచిది కాదన్నారు మరికొందరు. ఒక తల్లి తన ముద్దను విరిచి ఇద్దరు పిల్లలకీ పెడుతుంటే, చిన్నవాడు పోయినేడు పెద్దది ఇచ్చారుగా అని అడిగాడు. ఆ మాట దొర చెవిన పడింది. తాను వాడి నోటి దగ్గర తీపి తీసేసినట్టే తోచింది ఆయనకు.

దీక్ష ముగిసిందని ఆ మధ్యాహ్నమే సంతర్పణ. చెంచమాంబ స్వయంగా కొసరి కొసరి వడ్డించింది. ఉగాదికి ఒక మణుగు తిరిగివచ్చింది. శ్రావణానికి రెండోదీ వచ్చింది, దాని వెంట ఇంకో అర మణుగు వచ్చింది.

"నలభై రోజులు ఒక్క ముద్ద ముట్టలేదే, ఇదెక్కడి అన్యాయం?" అన్నాడు దొర.

భావనాచార్యులు నవ్వలేదు. "ఒంటికి తిథీ వారం తెలియవు ప్రభూ. మీరు దీక్ష అన్నారు, అది కరువు అనుకుంది. కరువు చూసిన ఇల్లాలు ఊరుకుంటుందా? ఆ తరువాత ఇంటికి వచ్చిన ప్రతి గింజా మూలమూలలా దాస్తుంది. మీ ఒళ్ళు అదే చేసింది."

పెద్దిభూపతికి ఆ మాట నచ్చలేదు. తనకు ఇరవై ఏళ్ళప్పుడు సాము చేసి రాతి గుండు ఎత్తిన సంగతి గుర్తొచ్చింది. ఆ ఒళ్ళు ఇదే ఒళ్ళు కదా అనుకున్నాడు. మర్నాడే సాము చేసే తాలింఖానా తెరిపించాడు. తెల్లవారకముందే బస్కీలు, గదలు, కొండమెట్ల మీద పరుగు. కుర్రవాళ్ళు పక్కన ఉంటే ఆయన వాళ్ళకంటే ఒక గుండు ఎక్కువ ఎత్తేవాడు. ఎత్తి, ఇంకా ఎత్తగలనన్నట్టు చూసేవాడు.

మూడు నెలల్లో రెండు మణుగులు దిగాడు. నాలుగో నెలలో, ఎవడో పడుచువాడు దొరవారు అలసినట్టున్నారే అన్నాడని, అలవికాని గుండు భుజాన వేసుకున్నాడు. మోకాలు కటుక్కుమంది.

మంచం పట్టాడు. సాము ఆగింది. సాము చేసేవాడికని పెట్టిన బాదంపాలు, నేతి గారెలు మాత్రం ఆగలేదు. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు, మాన్పించాలని ఎవరికీ తోచలేదు. రథసప్తమినాడు నలుగురు పట్టుకుని త్రాసులో కూర్చోబెడితే పన్నెండున్నర తూగాడు. ఊరు జయజయలు పలికింది.

ఆ సాయంత్రం ఆయన ఒంటరిగా తండ్రి చిత్రపటం ముందు కూర్చున్నాడు. పటంలో తండ్రిగారి పొట్ట మీద హారం పడుకుని ఉంది. చూసి చూసి, వైద్యుణ్ణి పిలిపించాడు. ఈసారి నీ దారే చెప్పు, నిదానమైనా సరే అన్నాడు.

వైద్యుడి దారిలో గొప్పదనం ఏమీ లేదు. రోజూ తినేదానిలో నాలుగో వంతు తగ్గించాలి. పొద్దుగూకాక ముద్ద ముట్టకూడదు. పల్లకీ మానేసి తోటల వెంట నడవాలి. ఆకలి వేస్తే వేసిందని ఒప్పుకోవాలి, దానితో యుద్ధం చేయకూడదు.

పెద్దిభూపతి అంతా చేశాడు. కానీ ఎందుకు చేస్తున్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక ఇంట కడుపు బాగాలేదన్నాడు. ఒక ఇంట ఇప్పుడే తిన్నానన్నాడు. ఇంకో ఇంట ఏకాదశి అన్నాడు.

బెల్లం వండే పోలమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. తూకంలో చివరి బెల్లం అచ్చు త్రాసులో పెట్టే హక్కు తరతరాలుగా ఆమె ఇంటిది. దొరను ఎత్తుకుని తిప్పిన చేతులు ఆమెవి. ఒకనాడు చలిమిడి పెడితే ఆయన ఏకాదశి అన్నాడు.

"మొన్న వెళ్ళింది కదా దొరబాబూ. మాకు నెలకి రెండే వస్తాయి. కోటలోవాళ్ళకి ఎన్నొస్తాయో," అంది పోలమ్మ.

దొర చెవులు ఎర్రబడ్డాయి. చలిమిడి తినలేదు. నిజం చెప్పలేదు.

తొమ్మిది నెలలకు పది మణుగులకు దిగాడు. మెట్లు ఎక్కినా స్తంభం అక్కరలేకపోయింది. ఒంటికి హాయిగా ఉంది. మనసుకే హాయి లేదు. రథసప్తమి దగ్గరపడుతోంది. ముద్ద తగ్గుతుంది. గుసగుసలు లేస్తాయి. ఇల్లిల్లూ మళ్ళీ విస్తరి పరుస్తుంది. తానింక వద్దనలేడు. అది ఆయనకు బాగా తెలుసు.

అప్పుడాయనకు ఒక ఉపాయం తట్టింది. ఆయుధశాలనుంచి చిన్న ఇనుపగుండ్లు తెప్పించాడు. సప్తమి ఉదయం వాటిని గుడ్డలో వరసగా కట్టి, నడుముకు చుట్టుకుని, పైన పట్టుపంచె, ఆపైన శాలువ కప్పుకున్నాడు. ఎలాగో అడుగులు వేసుకుంటూ వచ్చి త్రాసులో కూర్చున్నాడు.

బెల్లం అచ్చులు పేర్చారు. పది మణుగులు అయ్యాయి, త్రాసు కదల్లేదు. పదకొండు అయ్యాయి. పన్నెండో మణుగులో చివరి అచ్చు పోలమ్మ పెట్టింది. ముల్లు నిలిచింది. జనం హమ్మయ్య అనుకున్నారు.

పోలమ్మ జారిన శాలువ సర్దబోయింది. చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఆమె వంగి, ఆయనకు మాత్రమే వినబడేలా అడిగింది.

"త్రాసులో మీరొక్కరే ఉన్నారా నాయనా?"

ఆయన శాలువ దగ్గరకు లాక్కున్నాడు. ఆమె మరి అడగలేదు. పక్కకు తప్పుకుంది.

పూజారి కర్పూరం వెలిగించాడు. స్వామీ, అనాలి. ఆ మాట వరకు పెద్దిభూపతి అన్నాడు. ఇది నా బరువు, అనాలి. అక్కడ ఆగాడు. ప్రజలకు కడుపునొప్పి అని చెప్పగలిగాడు. రాణికి దీక్ష అని చెప్పగలిగాడు. వెలుగుతున్న కర్పూరం ఎదుట మాత్రం నోరు పెగల్లేదు. మంట పొట్టిదవుతోంది. చెంచమాంబ లేచి నిలబడింది.

ఆయన శాలువ తీసేశాడు. నడుము కట్టు విప్పాడు. గుండ్లు ఒక్కొక్కటే తీసి త్రాసు బయట పెట్టాడు. ఒక్కో గుండుకూ త్రాసు కొంచెం లేచింది. ఆఖరిది పెట్టేసరికి ఆయన గాలిలో ఉన్నాడు, బెల్లం నేల మీద ఉంది.

"స్వామీ, పది మణుగులే నా బరువు. అదే నీకు సమర్పణ. మిగతా రెండూ ఇనుము, నా సిగ్గు," అన్నాడు.

కర్పూరం ఆరింది.

తరువాత, అక్కడ కూర్చునే, జనం వైపు తిరిగి చెప్పాడు. మోకాళ్ళ సంగతి చెప్పాడు. ఊపిరి సంగతి చెప్పాడు. తాత వయసు, తండ్రి వయసు, వైద్యుడి మాట చెప్పాడు. నాకు చావంటే భయం వేసింది, ఆ మాట చెప్పడానికి అంతకంటే ఎక్కువ భయం వేసింది అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"తప్పు మాదే దొరబాబూ. చెరుకును గానుగకు పెంచినట్టు పెంచాం మిమ్మల్ని."

ఆ వెనక కూర్చున్న సేనాపతి గొంతు సవరించుకున్నాడు. కోటంత మనిషి. తనకూ మెట్లెక్కితే ఊపిరి అందడం లేదని, ఆరునెలలుగా గుర్రం ఎక్కలేక దానికి కాలు బెణికిందని చెబుతున్నానని ఒప్పుకున్నాడు. పాపం గుర్రం, అన్నారెవరో. ధాన్యపు వర్తకుడు తన మోకాళ్ళ సంగతి ఎత్తాడు. అతని భార్య, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమని అక్కడే నిలదీసింది. ఒకరి వెనక ఒకరు మగవాళ్ళు నోళ్ళు విప్పారు. పూజారి కూడా ఏదో చెప్పబోయి, ప్రసాదం పంచాలని గుర్తుచేసుకుని ఊరుకున్నాడు.

ఆ రెండు మణుగుల బెల్లం ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. స్వామి అడిగింది బిడ్డ ప్రాణం నిలిచినందుకు కానుకే గాని కండ కాదు అన్నాడు పూజారి. దొరవారు ఎంత తగ్గితే అంత బెల్లం గానుగల వాళ్ళమే కలుపుతామని పోలమ్మ అంది. ఒక్కో గానుగకు వచ్చేది గుప్పెడు. ఎవరికీ భారం కాలేదు. ప్రసాదం ముద్ద తగ్గలేదు.

ఆ తరువాత దొర ఊళ్ళు తిరిగితే గడపల్లో మజ్జిగ చెంబు ఉండేది. ఎవరైనా మరచి అరిసె తెస్తే, పక్కింటివాళ్ళే కేకలేసేవారు. చెంచమాంబ నేతి గిన్నె మూత బిగించింది. ఇన్నాళ్ళూ తనకు చెప్పనందుకు నెల రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు గాని, పొద్దున్నే తోటల వెంట నడకకు మాత్రం తానూ బయలుదేరేది.

అంతటితో బరువు ఓడిపోయిందనుకోకూడదు. ఒళ్ళు కరువును అంత తొందరగా మరవదు. ఏళ్ళు గడిచినా అది ఆయనను ఇంకొంచెం, ఇంకొంచెం అని అడుగుతూనే ఉంది. ఒక ఏడు అర మణుగు వచ్చింది. ఒక ఏడు పోయింది. వచ్చినప్పుడు ఆయన ఆ సంగతి భార్యకు చెప్పేవాడు, మర్నాడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు.

ఆ వంశంలో ఏ మగవాడూ చూడని యాభై ఒకటో ఏడు వచ్చింది. రథసప్తమినాడు పెద్దిభూపతి ఎవరి చేయీ పట్టుకోకుండా మెట్లెక్కి త్రాసు ముందు నిలబడ్డాడు. కూర్చోకముందే జనంతో అన్నాడు.

"ముందే చెబుతున్నాను. ఈ ఏడు పనసపళ్ళు బాగా కాశాయి. రెండు వీశెలు, అంటే పావు మణుగు ఎక్కాను. రేపటినుంచి దింపుతాను."

జనం గొల్లుమన్నారు. ఆయనా నవ్వి, త్రాసులో కూర్చుని, స్వామీ ఇది నా బరువు అన్నాడు. కర్పూరం ఇంకా సగం కూడా కాలలేదు.

పంతంతో, గుట్టుగా దించిన బరువు దొడ్డిదారిన తిరిగివస్తుంది. బాధను నోరు తెరిచి చెప్పుకుని, ప్రతి ఉదయం మళ్ళీ మొదలుపెట్టేవాడి దగ్గరే అది దిగి ఉంటుంది.