చెక్క చెయ్యి

ఒక ఊళ్లో ఒక కమ్మరి చెరకు పిండే యంత్రం చేశాడు. పళ్లున్న రెండు ఇనప రోలర్లు, ఏటి నీటితో తిరిగే పెద్ద చక్రం, గడలు పెట్టడానికి ముందువైపు ఒక నోరు. పాత గానుగ పొద్దంతా పిండేదాన్ని ఇది పూటలో పిండేసేది. నోటి దగ్గర కూచుని గడలు పెట్టేది అతని భార్య.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక ముసలమ్మ తిరుగుతుండేది. ఆమె దగ్గర మనిషి చెయ్యంత పొడవు కర్ర, దాని కొసన చెక్కిన అరచెయ్యి. యంత్రం ఉన్న చోటికి వచ్చి ఆ చెక్క చెయ్యిని దాని నోట్లోకి తోసేది. తిరిగే ఇనుముకి అది తగిలిందా, "నోరు పొడుగు చెయ్యి, లేదా కంచె కట్టు" అనేది. అదొక్కటే ఆమె చట్టం.

ఎక్కడ ఎవరి చెయ్యి నలిగిందని తెలిస్తే ఆమె అక్కడికి వెళ్లేది. ఊళ్లవాళ్లు దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నారు. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకిని తిట్టే జనం కదా! చెక్క చెయ్యి తాకిన చోట అసలు చెయ్యి తెగుతుందని చెప్పుకున్నారు. కమ్మరీ నమ్మాడు. పనితనం ఉన్నవాడే, బుద్ధి ఉన్నవాడే. అనుమానానికి అవేవీ అడ్డం రావు.

ఒక ఉదయం ముసలమ్మ అతని వాకిట్లో నిలబడింది. కమ్మరి తలుపు సగమే తీశాడు.

"ఇక్కడెవరికీ ఏమీ కాలేదు. ఎందుకొచ్చావు?"

"ఒక్కచోటికైనా ఏమైనా కాకముందే వెళ్దామని వచ్చాను నాయనా."

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఏదో అవుతుందని దీనికెలా తెలుసు? పక్కూరి కమ్మరే పంపి ఉంటాడు. నా యంత్రం చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. కర్రకి ఏ మంత్రం కట్టించాడో!

లోపల్నుంచి భార్య కేకేసింది. "ఎవరయ్యా, ఆ కర్ర అవ్వేనా? ఓసారి పెట్టి చూసుకోనీరాదూ! పొట్టి ముక్కలు పెడుతుంటే నా వేళ్లు కూడా లాగుతున్నట్టుంటోంది."

"నువ్వూరుకో. దాని నీడ పడితే చాలు, కొంపలంటుకుంటాయి."

"నీడకి పళ్లుంటాయా ఏంటి? పళ్లున్నది నీ యంత్రానికి."

అతను తలుపు మూసి గడియ పెట్టాడు. సందులోంచి చూస్తే ముసలమ్మ కదల్లేదు. గొణుగుతోందేమోనని చెవి తలుపుకి ఆనించాడు. కర్ర గోడకి తగిలిస్తుందేమోనని కన్నార్పకుండా కాపలా కాశాడు. అతని ప్రాణమంతా వీధిలోనే ఉంది. వెనక చక్రం చప్పుడు మారింది. ఆ వెంటనే భార్య అరిచింది.

అతను పరుగెత్తి నీటి తూము మూసేసరికి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

"చూశావా, ముసలిది వచ్చింది, చెయ్యి పోయింది" అని ఊరంతా కమ్మరిని ఓదార్చింది. ఆ ఓదార్పు కంటే చెప్పుదెబ్బ నయమనిపించింది అతనికి. కర్ర గడప దాటలేదు. గడియ పెట్టింది తనే. సిగ్గుతో భార్య మొహం చూడలేకపోయాడు.

గాయం మానాక ఆమే ఎడంచెయ్యి చాపింది. "కొలత తీసుకో" అంది.

ఆ కొలతకి అతను ఒక కర్ర చెక్కాడు. వేళ్లు చెక్కుతుంటే ఏడుపాగలేదు. దాన్ని ముందు తన యంత్రం నోట్లోనే పెట్టాడు. ఇనుముకి సులువుగా తగిలింది. చెయ్యి అందనంత దాకా ఆ నోరు పొడుగు చేసి, కర్ర భుజాన వేసుకుని పక్కూరికి నడిచాడు.

అక్కడి కమ్మరి తలుపు సగమే తీశాడు. కర్రని చూశాడు, ఇతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇక్కడందరూ బాగానే ఉన్నారు. నిన్నెవరు పంపారు?"

లోపల చక్రం తిరుగుతోంది. ఎవరో ఆడమనిషి కూనిరాగం తీస్తూ పని చేసుకుంటోంది. తలుపు మూసుకోబోయింది.

ఇతను సందులో తన కాలు పెట్టాడు.