గడప గౌరి వ్రతము: ఎదురింటికి అంటగట్టిన ఎనిమిది

గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అక్షతలు చేతబట్టుకొని, సెల్లుఫోనులు అవతల గదిలో పెట్టి వినుడు. కథ మధ్యలో లేచిపోవువారు ఇప్పుడే లేచిపోవచ్చును.

ఒకప్పుడు గౌతమీ తీరమున మునులు కొలువుదీరి యుండగా సుమేధుడను ముని లేచి, శాలీన మహర్షికి నమస్కరించి యిట్లడిగెను. కలియుగమున జనులు సంపాదించినదెల్ల అద్దెలకే పోసి, ఇంటి యజమానుల కనుసన్నల బ్రతుకుచున్నారనియు, బ్యాంకున అప్పుచేసి సొంత ఇల్లు కొన్నవారు సైతము ఆ ఇంట కంటినిండ నిదురపోవుట లేదనియు, వారు గట్టెక్కు ఉపాయమేదైన గలదా యనియు అడిగెను. శాలీనుడు ఉపాయము కలదనియు, అయితే ఆ కథ వినినచో గుండెలు గుభేలుమనుననియు చెప్పెను. అది విని మునులు వెనుకకు జరుగుటకు మారుగా మరింత ముందుకు జరిగిరి.

ఆ వ్రతము పేరు గడప గౌరి వ్రతము. ఇల్లు కొనదలచిన గృహిణి సంతకమునకు ముందే ఆ ఇంటి హద్దులయందున్న ఆడువారి కడకు పోయి, వారి కొంగున వాయనము పెట్టి, "తల్లీ, ఆ గడప ఎవరిది?" అని మూడుమార్లు అడుగవలెను. వారు ఏమి పలికినను తలయొగ్గవలెను. హద్దున నిలిచినది ఉన్నదా, లేనిదా, ఏ కులము, ఏ వాలకము అని చూడరాదు. చేయుట తేలిక. చేయక ఎగ్గొట్టుట ఇంకను తేలిక. ఎగ్గొట్టిన హైమవతికి ఏమాయెనో వినుడు.

రాజమహేంద్రవరమున జోగారావను బస్సు డిపో మెకానిక్కు ఉండెను. అతని భార్య హైమవతి. పెళ్ళయిన నాటినుండి ఇద్దరును అద్దె ఇండ్లలోనే కాపురము. చుట్టము వచ్చిన ఇంటి యజమానులు ఎన్నాళ్ళుంటాడని అడుగుదురు, కుళాయి విప్పిన నీళ్ళయిపోతున్నాయని అరతురు. ఒకనాడు హైమవతి తలంటుకొని తడిజుట్టుతో వెలుపలికి వచ్చుసరికి, ఇంటావిడ ఎవరినో వెంటబెట్టుకొని వచ్చి ఇల్లు చూపించుచుండెను. ఆ పరాయి ఆడది హైమవతి పోపులడబ్బా మూత తీసి చూచుచుండెను! ఖాళీ చేయమని ముందుగా ఒక్క మాటయైనను చెప్పనివారు, తానుండగానే తన వంటిల్లు బేరము పెట్టిరి. ఆ క్షణమే ఆమె, చచ్చినను బ్రతికినను ఇక సొంత గడపలోనే యని గట్టిగా అనుకొనెను.

గౌరీదేవి ఆమె తపన చూచి జాలిపడి, పూలమ్ము పండు ముత్తైదువ రూపున వచ్చి, మూర మల్లెలు కొలిచి యిచ్చి, వ్రత విధానమంతయు చెప్పెను. అప్పు మంజూరైన తప్పక చేసెదనని హైమవతి మొక్కుకొనెను. అంతకుముందు బ్యాంకువారు జీతము చీటీలు తెమ్మనిరి, తెచ్చిరి. జామీనుదారుని తెమ్మనిరి, తెచ్చిరి. ఏదో ఒక కాగితము తక్కువ పడుచునే యుండెను. మొక్కిన పిమ్మట మాత్రము అప్పు చకచక మంజూరాయెను. దంపతులు కొత్తగా కట్టుచున్న ఒక అపార్టుమెంటులో మూడవ అంతస్తున ఇల్లు బేరమాడిరి. ఆ అంతస్తు కొసన ఎదురెదురుగా రెండు ఇండ్లు. ఒకదానికి తూర్పు గుమ్మము, ఒకదానికి పడమటి గుమ్మము. వీరు బేరమాడినది తూర్పు గుమ్మము గలది.

హైమవతి వ్రతము మాట యెత్తగా జోగారావు, అడ్వాన్సు ఇచ్చివేసి చేయుదమనెను. అడ్వాన్సు ఇచ్చిరి, వ్రతము చేయరైరి. రిజిస్ట్రేషను నాడు ఆ పూలమ్మి ఆఫీసు మెట్లమీద ఎదురుపడి, ఎదురింటి ఆవిడను అడిగితివా యని గుర్తుచేసెను.

"ఇప్పుడు వాయనాలేంటే బాబూ! ఆఫీసరు గారు భోజనానికి లేచిపోతే ఈ పూట పోయినట్టే. నడు, నడు," అని జోగారావు తొందరపెట్టెను. హైమవతి గృహప్రవేశము కాగానే చేయుదునని పూలమ్మికి నచ్చజెప్పి సంతకము పెట్టెను. పూలమ్మి ఆనాడు పూలు అమ్మక వెనుదిరిగి పోయెను.

ఎదుటి ఇల్లు కొన్నది వరహాలమ్మ. భర్త పోయిన పిమ్మట బండిమీద ఇడ్లీలమ్మి, బండిని కొట్టు చేసి, ఆ కొట్టు చూపి తానును అప్పు తెచ్చుకొని ఆ పడమటి గుమ్మపు ఇల్లు కొనుక్కొన్న మనిషి. నోరు పెద్దది, పెట్టు చేయియు పెద్దదే. గృహప్రవేశమునకు హైమవతి ఆమెను పిలువనైతే పిలిచెను గాని, పాలు పొంగిన తరువాత, భోజనాల వేళకు రమ్మని నవ్వుచు చెప్పెను. ఆ నవ్వులోని అర్థము వరహాలమ్మకు తెలియనిదా? తెలిసియు సరేననెను.

శుభముహూర్తమాయెను. గోవు బొమ్మతో, దేవుని పటముతో లోపల అడుగుపెట్టిరి. పొయ్యిమీద పాలు పైపైకి వచ్చుచుండెను. అందరును గోవింద యనబోవునంతలో, కడపటి విడత సొమ్ము విడుదల చేయుటకు ఇల్లు కొలువవలసిన బ్యాంకు ఇంజనీరు టేపు చేతబట్టుకొని వచ్చెను. వచ్చినవాడు ప్లాను విప్పి, గుమ్మము చూచి, మరల ప్లాను చూచి నొసలు ముడివేసెను.

"మేడమ్, మీరు తప్పింట్లో పాలు పొంగిస్తున్నారండీ. మీది ఇది కాదు. ఎదురుది."

పాలు పొంగి పొయ్యి ఆరిపోయెను. చూచినవాడు లేడు. తలుపుమీద మూడువందల ఆరని స్పష్టముగా ఉన్నది గదా, దస్తావేజున ఉన్నదియు మూడువందల ఆరే గదా యని హైమవతి అడిగెను. తలుపుమీద ఏమున్నను, మంజూరైన ప్లానులో తూర్పు గుమ్మపుది మూడువందల అయిదనియు, ఆ సంఖ్యతో ఆ ఇల్లు వరహాలమ్మ గారికి రిజిస్టరైనదనియు, ఈ చిక్కు తెగువరకు సొమ్ము రాదనియు, వ్యవహారము ముదిరినచో ఇచ్చిన అప్పు సైతము వెనుకకు అడుగవచ్చుననియు చెప్పి ఇంజనీరు టేపు చుట్టుకొని పోయెను. బిల్డరు ఫోను స్విచ్చాఫు. పాత ఇంట మరొకరు దిగియే యుండిరి. సామాను లారీ దిగువ నిలిచి హారను కొట్టుచుండెను.

తన మూడువందల అయిదు తూర్పు గుమ్మపుదేనని తెలిసిన వరహాలమ్మ ఊరకుండునా?

"కాయితంలో ఉన్నదే నాది. తూర్పు గుమ్మం దేవుడిచ్చాడు, వద్దంటానా ఏంటి? బోర్డులు నేనేమన్నా మార్చమన్నానా? మార్చినోళ్ళని అడుక్కోండి," అని తలుపు వేసికొనెను.

మార్చినోళ్ళు! ఆ మాట హైమవతి చెవిలో ముల్లువలె దిగెను. భర్తను వంటింటిలోనికి పిలిచి, ఇది బిల్డరు పొరపాటేనా యని నిలదీసెను. జోగారావు చెమట తుడుచుకొనెను. ఆపై నోరు విప్పెను.

"నేనే మార్పించానే. మూడు, సున్నా, అయిదు. కూడితే ఎంత? ఎనిమిది! శని నంబరు. ఇంటి మగాడికి గండం అన్నారు. బిల్డర్ని అడిగితే, దానిదేముందండీ, ఎదురింటి బోర్డు మీకు, మీ బోర్డు వాళ్ళకి బిగించేద్దాం అన్నాడు. దస్తావేజులు కూడా బోర్డుల ప్రకారమే రాయించేశాడు."

"అంటే, గండం అని తెలిసీ ఆవిడ నెత్తిన పెట్టారా?"

"అది కాదే… ఆవిడకి పోవాల్సినోడు ముందే పోయాడు కదా. ఇంక పోయేదేముందిలే అనుకున్నా."

సుమేధుని చేతి కమండలము జారి నేలబడెను. మునులు చెవులు మూసికొని "హవ్వ! హవ్వ!" అనిరి. గుండె గుభేలుమనునని ముందే చెప్పితిని గదా యని శాలీనుడు కథ సాగించెను.

హైమవతి భర్తను ఎగాదిగా చూచెను. ఇన్నేళ్ళు ఒక కంచాన తిన్న మనిషి ఇతడేనా? బస్సులో ముసలివాండ్రకు సీటిచ్చి తాను నిలబడువాడు, డిపో కుక్కకు బిస్కట్లు వేయువాడు, ఈ మాట ఎట్లు అనుకొనెను? ఆమెకు కోపముకంటె భయము వేసెను. ఆ భయములోనే మరియొకటి తోచెను. తాను మాత్రము తక్కువ తిన్నదా? పాలు పొంగువేళ ఆమె ఎదురు రాకూడదనియే గదా భోజనాల వేళకు రమ్మన్నది? ఆయన నంబరు చూచెను, తాను నొసలు చూచినది. ఇద్దరిదియు ఒకటే పాపమని ఆమె వెక్కి వెక్కి ఏడ్చెను.

ఏడ్చి, లేచి, మొగము కడుగుకొని, నానబెట్టిన సెనగలు, తమలపాకులు, రవికెలగుడ్డ, పసుపు, కుంకుమ పళ్ళెమున సర్ది, ఎదుటి తలుపు కొట్టెను. వరహాలమ్మ తలుపు తీసి పళ్ళెము చూచి గతుక్కుమని వెనుకకు జరిగెను.

"పసుపు కుంకుమ నాకెందుకమ్మాయ్? తెలిసే తెచ్చావా, వెటకారమా?"

"తెలిసే తెచ్చాను పిన్నిగారూ. హద్దున ఎవరుంటే వారే ముత్తైదువ అని చెప్పింది పూలమ్మి. ఇది ముందే చెయ్యాల్సింది, చెయ్యలేదు." అని హైమవతి, బోర్డు మార్పించిన సంగతియు, ఎందుకు మార్పించిరో ఆ సంగతియు, భర్త అన్న మాటయు దాచక చెప్పెను.

వరహాలమ్మ మొగము పాలిపోయెను.

"పోయేది లేదా నాకు? ఆయన పోయాక ఒక్కదాన్నే సంపాయించుకున్నానే ఈ గోడలు! ఇంకా ఎన్నేళ్ళ వాయిదాలున్నాయో తెలుసా? అప్పు తీరేదాకా చావడానిక్కూడా వీల్లేదమ్మా నాకు. పోయేది లేదంట!"

హైమవతి తలయెత్తలేకపోయెను. అయినను కొంగుపట్టుమని వాయనము పెట్టి, "తల్లీ, ఆ తూర్పు గడప ఎవరిది?" అని అడిగెను.

"నాది."

"తల్లీ, ఆ గడప ఎవరిది?"

"చెప్పాను కదా, నాదే!"

"సరే పిన్నిగారూ. మీ మాటే గౌరి మాట. సాయంత్రానికి సామాను ఇటు దింపించుకుంటాం, మీరు అటు రండి. బ్యాంకులో అలాగే చెప్పేస్తాం," అని హైమవతి పెట్టిన వాయనము వెనుకకు తీసికొనక, కుంకుమ తీసి వరహాలమ్మ నొసట పెట్టెను. పెట్టి మూడవమారు అడిగెను.

భర్త పోయిన నాటినుండి ఆ నొసటిని ముట్టినవారు లేరు. వరహాలమ్మ గడపకు చేరగిలబడి, కొంగులోని సెనగలు ఒలికిపోవుచుండగా బావురుమనెను. తమ ఇంటి గుమ్మము చాటునుండి జోగారావు అదంతయు విని సిగ్గుతో చితికిపోయెను.

"ఆ గడప నీదేనమ్మాయ్," అనెను వరహాలమ్మ ముక్కు చీదుకొని. "బేరమాడింది నువ్వు. ఆ ఎనిమిది కూడా నీదే. పట్టుకుపో!"

జోగారావు స్క్రూడ్రైవరు తెచ్చి తన చేతులతో ఎదుటి తలుపు బోర్డు విప్పి, తెచ్చి తన తలుపునకు బిగించెను. తన తలుపునుండి విప్పిన మూడువందల ఆరు బోర్డు వరహాలమ్మ తలుపునకు బిగించి, ఆమె కాళ్ళమీద పడెను. ఆమె లేవనెత్తలేదు. ఇడ్లీలు చల్లారుతున్నాయి, లేచి తినుమని మాత్రమనెను. పిదప ఉభయులును కూడి సవరణ దస్తావేజులు రాయించుకొనిరి, బ్యాంకువారు సొమ్ము విడుదల చేసిరి, బిల్డరు ఫోను తనంతట తానే పనిచేయసాగెను. హైమవతి మరల పాలు పొంగించెను. ఈమారు పొయ్యి వెలిగించినది వరహాలమ్మ.

జోగారావు ఎనిమిది క్రింద నిక్షేపముగా బ్రతికెను. వరహాలమ్మ కొట్టు రెండు కొట్లాయెను. వాయిదా తప్పకుండ ఇరువురి అప్పును తీరెను.

సుమేధా! అద్దె ఇంట అవమానపడినవారు, అప్పు మంజూరు గానివారు, అడ్వాన్సు ఇచ్చి దిక్కుతోచనివారు, కొత్త ఇంట నిదురపట్టనివారు, భార్యకు చెప్పక బోర్డులు మార్పించినవారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి కాగితము చిక్కులు తొలగును, వాయిదాలు తేలికగును, వంటిల్లు కళకళలాడును. చేసెదమని మొక్కి వాయిదా వేయువారి సంగతి వినియే యున్నారు. ఎదుటివారికి ఇంకేమి పోవునులే యని తలచినవారికి మాత్రము ఏ దేవతయు గడప ఈయజాలదు.

కథ సమాప్తము. అక్షతలు మీ తలమీద వేసికొనకుడు. పోయి ఎదురింటి తలుపు కొట్టి, తీసినది ఎవరైనను, వారి తలమీద వేసి రండు. ప్రసాదము అటుపిమ్మటనే.