కూసే కారులో పెళ్ళి ప్రయాణం

చోడవరం మొత్తంలో తెలివి ఎక్కడుందంటే తమ ఇంట్లోనే ఉందని గవరయ్య కుటుంబానికి గట్టి నమ్మకం. "మాకు ఒక్కసారి చెబితే చాలండీ, అక్షరం పొల్లుపోదు," అనేవాడు గవరయ్య. భార్య సన్యాసమ్మ, తమ్ముడు ఎర్రునాయుడు అవునంటే అవునని తలలూపేవారు.

ఎర్రునాయుడికి మాడుగుల సంబంధం కుదిరింది. ఇంకేముంది, కొత్త కారు కొన్నారు. అమ్మినాయన దగ్గరుండి చెప్పాడు.

"వెనక్కి తీసేటప్పుడు పక్క నుంచి ఎవరైనా అడ్డంగా వస్తే బండే కూస్తుందండీ. ఎటు నుంచి వస్తే అటు అద్దంలో ఎర్రదీపం వెలుగుతుంది. కూసిందా, ఆగిపోండి. వచ్చినవాళ్ళని పోనివ్వండి. అలాగని దాన్నే నమ్ముకోకుండా మీరూ ఒక కన్నేసి ఉంచండి."

పెళ్ళిరోజు వచ్చింది. కారు ముఖం ఇంటి వైపు, వీపు సందు వైపు. పెళ్ళికొడుకు బాసికం కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. సన్యాసమ్మ ఎడమ కంటికి చేతిరుమాలు కట్టుకుంది.

"అదేటే?"

"ఒక కన్నే కదా వెయ్యమన్నారు? రెండోది దాచేశాను."

"నాకు తట్టనేలేదే!" అని మురిసిపోయి గవరయ్య రివర్స్ గేరు వేశాడు.

కీక్ కీక్! కుడి అద్దంలో ఎర్రదీపం. చూస్తే గేదె. అంతే, బ్రేకు తొక్కేశాడు. గేదె సందు మధ్యలో నిలబడి తీరిగ్గా నెమరేస్తోంది.

"పోనివ్వాలి," అన్నాడు గవరయ్య.

"పోదే అది!" అంది సన్యాసమ్మ.

ఎర్రునాయుడు దిగి గేదెకి దండం పెట్టాడు. బాసికంతో పెళ్ళికొడుకు గేదెకి మొక్కుతుంటే పెరుగమ్మే పైడమ్మ ఆగి చూసింది. పైడమ్మని చూసి ఇస్త్రీ బండాయన ఆగాడు. చూస్తుండగానే సందంతా దిగింది. గేదె బెదిరి పారిపోయింది గానీ జనం కదల్లేదు. కూతా ఆగలేదు.

"పోడానికి వాళ్ళకీ ఒక చోటుండాలి కదా పాపం," అంది సన్యాసమ్మ.

"అయితే అందరూ మాడుగుల పెళ్ళికి పొండి! భోజనాలున్నాయి!" అని అరిచాడు గవరయ్య. ఇంకేముంది, దొరికిన ఆటో ఎక్కి అంతా పోయారు.

సందు ఖాళీ. బండి కిక్కురుమనలేదు.

"ఇదేటి, పలకదు? పాడైపోయిందేటి?"

"ఉండన్నా, చూస్తాను," అని ఎర్రునాయుడు బండి వెనక అడ్డంగా నడిచాడు. కీక్ కీక్!

"బాగానే ఉందిరా! నేను ఆగాను, ఇంక నువ్వు పో!"

"ఎక్కడికన్నా?"

"వచ్చినవాడు పోవాలి కదరా! మాడుగుల పో!"

బుద్ధిమంతుడు, బస్సెక్కి పోయాడు.

మళ్ళీ బండి పలకలేదు. మళ్ళీ అనుమానం. సన్యాసమ్మ దిగి అటు నడిచింది, కూసింది. ఇటు నడిచింది, కూసింది. ఎక్కి కూర్చుంది, కూత ఆగిపోయింది. అంతే, మళ్ళీ అనుమానం. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండగానే ఎండ నడినెత్తికొచ్చింది.

పెళ్ళికూతురి అన్న ఫోన్ చేశాడు. "బావగారూ, పెళ్ళికొడుకొచ్చాడు, మీ సందు జనం భోజనాలకి కూర్చున్నారు. ముహూర్తం ముంచుకొస్తోంది, తాళేదండీ?"

"మా ఆవిడ చేతిసంచిలో భద్రంగా ఉందండీ. బండి సంగతి తేలగానే వచ్చేస్తాం."

అది తేలేది కాదని వాళ్ళకి అర్థమైపోయింది. పెళ్ళికూతురు లోవకుమారినీ, ఎర్రునాయుడినీ, పంతులుగారినీ వ్యానెక్కించి సందులోకే తెచ్చేశారు. కీక్ కీక్!

"అన్నా, తాళి!"

"బండి కూస్తోంది, ముందు మీరు పొండిరా!" బ్రేకు మీద కాలు తియ్యలేదు గవరయ్య.

లోవకుమారి కిటికీలోంచి చెయ్యి పెట్టి సన్యాసమ్మ ఒళ్ళోని సంచిలోంచి తాళి తీసుకుంది. ఎర్రునాయుడి చేతిలో పెట్టి, "కట్టు," అంది. పంతులుగారు మంత్రాలందుకున్నారు. మేళం మాడుగులలోనే ఉండిపోయింది కాబట్టి కారు కూతే మేళమైంది. గవరయ్య కూర్చున్నచోట నుంచే అక్షింతలు వేశాడు. తరవాత అందరూ వ్యానెక్కి భోజనాలకి పోయారు.

గవరయ్య చెమట తుడుచుకున్నాడు. "హమ్మయ్య, వచ్చినవాళ్ళు పోయారు. పద, తమ్ముడి పెళ్ళికి ఆలస్యమైపోతోంది."

"వెళ్దాం గానీ, సంచిలో తాళి కనబడదేటయ్యా!"

ఇంకేముంది, హ్యాండ్‌బ్రేకు వేసి ఇద్దరూ దిగి బండి వెనక అటూ ఇటూ వెతుకులాడారు. కీక్ కీక్!

"ఆగవే, ఎవరో వస్తున్నారు. ముందు వాళ్ళని పోనిద్దాం," అన్నాడు గవరయ్య. ఇద్దరూ అక్కడే నిలబడి, ఆ వచ్చేవాళ్ళ కోసం సందు రెండు చివర్లకీ మార్చి మార్చి చూడసాగారు.